అమెరికాలో పాత సైనిక రైఫిల్ కొనడం, దానికి సరిపోయే పెట్టెను ఎంచుకోవడం ఎలా?

సైన్యం కొత్త ఆయుధానికి మారిన ప్రతిసారీ పాతవి లక్షల సంఖ్యలో గోదాములకు చేరతాయి. కొన్ని దేశాలు వాటిని కరిగించేస్తాయి, కొన్ని మిత్రదేశాలకు ఇచ్చేస్తాయి, మరికొన్ని వాటికి గ్రీజు పూసి, చెక్కపెట్టెల్లో పేర్చి, దశాబ్దాల తరువాత వ్యాపారులకు అమ్ముతాయి. అలా అమ్మిన సరుకులో చాలాభాగం చేరేది అమెరికాకే. 1968 నాటి ఆయుధ నియంత్రణ చట్టం విదేశీ సైనిక మిగులు తుపాకుల దిగుమతిని ఆపివేసింది. 1984లో చేసిన సవరణ, సేకరణ విలువ గల పాత తుపాకులను మళ్లీ తెచ్చుకోవడానికి అనుమతించింది. ఈనాడు అక్కడి దుకాణాల్లో కనిపించే రష్యన్, స్విస్, స్వీడిష్, యుగోస్లావ్ రైఫిళ్లలో చాలావరకు ఆ సవరణ తరువాత ఓడలెక్కి వచ్చినవే. మన ఈశాపూర్ రైఫిళ్లు కూడా వాటిలో ఉన్నాయి.

ఈ వ్యాసం అమెరికాలో స్థిరపడి, చట్టబద్ధంగా ఇలాంటి రైఫిల్‌ను కొనాలనుకుంటున్న తెలుగువారికోసం. తుపాకీ ఎంపికకు ఎంత స్థలం కేటాయించానో పెట్టె ఎంపికకూ దాదాపు అంతే కేటాయించాను. ఎందుకంటే యాభై ఏళ్లు గోదాములో చెక్కుచెదరని రైఫిల్, తగని పెట్టెలో ఒక్క వానాకాలం ఉంటే తుప్పు పట్టిపోతుంది.

మొదట మీ అర్హతను తేల్చుకోండి

బేరానికి దిగేముందు మీ ఇమ్మిగ్రేషన్ హోదాను చూసుకోవాలి. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నాన్-ఇమ్మిగ్రంట్ వీసాపై ఉన్నవారు తుపాకీనిగానీ తూటాలనుగానీ కలిగి ఉండకూడదు. మనవారిలో ఎక్కువమంది వద్ద ఉండే ఎఫ్-1, హెచ్-1బి, హెచ్-4, ఎల్-1 వీసాలన్నీ ఈ కోవలోకే వస్తాయి. ఏదైనా రాష్ట్రం జారీ చేసిన, గడువు తీరని వేట లైసెన్సు ఉన్నవారికి ఒక మినహాయింపు ఉంది. అయితే ఆ మినహాయింపును నమ్ముకుని అడుగు వేసేముందు ఇమ్మిగ్రేషన్ చట్టం, ఆయుధ చట్టం రెండూ తెలిసిన న్యాయవాదిని సంప్రదించకపోవడం సాహసమే అవుతుంది. నేరం రుజువైతే పదిహేనేళ్ల వరకు శిక్ష పడవచ్చు. దానికితోడు దేశంనుంచి పంపివేసే ప్రమాదమూ ఉంటుంది. గ్రీన్ కార్డు ఉన్నవారు కొనవచ్చు. దరఖాస్తు ఇంకా విచారణలో ఉన్నవారు సొంతంగా అర్థం చెప్పుకోకుండా న్యాయవాదిని అడగాలి.

ఇక్కడే మరో మాట చెప్పాలి, ఎందుకంటే మన మధ్య మొహమాటాలు ఎక్కువ. హెచ్-1బి మీద ఉన్న స్నేహితుడో, బావమరిదో ‘నా డబ్బులతో నీ పేరు మీద ఒకటి కొనిపెట్టు’ అని అడిగితే తప్పకుండా కాదనండి. ఒకరికోసం మరొకరు అసలు కొనుగోలుదారుగా సంతకం చేయడం ఎప్పటినుంచో నేరమే. 2022లో దానికి ప్రత్యేక చట్టం వచ్చి శిక్ష మరింత పెరిగింది. దుకాణంలో మీరు నింపే 4473 ఫారం అడిగే మొదటి విషయాల్లో ఇదొకటి. అదే ఫారంలో గంజాయి వాడకం గురించి కూడా అడుగుతారు. మీ రాష్ట్రంలో గంజాయి చట్టబద్ధమైనా ఫెడరల్ చట్టం దృష్టిలో అది ఇంకా నిషిద్ధమేనని ఆ ఫారంలోనే రాసి ఉంటుంది.

ఫెడరల్ చట్టం తరువాత రాష్ట్ర చట్టం వస్తుంది. టెక్సస్‌లో రైఫిల్ కొనడానికి ప్రత్యేక అనుమతిపత్రం అక్కర్లేదు. ఇల్లినాయ్‌లో ముందుగా ఫోయిడ్ కార్డు (తుపాకీ యజమానుల గుర్తింపు కార్డు), న్యూజెర్సీలో ఫైర్ఆర్మ్స్ ఐడీ కార్డు తీసుకోవాలి. ఎడిసన్‌లోనో షికాగో శివార్లలోనో ఉండేవారు ఆ కార్డు చేతికి వచ్చేదాకా అడ్వాన్సు కూడా ఇవ్వకపోవడం మంచిది.

ఎందుకోసం కొంటున్నారు?

కాల్చడానికా, సేకరణకా అన్న ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పుకుంటే సగం పని పూర్తయినట్టే. కాల్చడానికైతే గొట్టం బాగుండాలి, తూటాలు దొరకాలి. ముద్రలు కలిశాయా, కర్ర (తుపాకీ చెక్కభాగం) మారిందా అన్నవి రెండో వరుసలోకి పోతాయి. సేకరణకైతే నంబర్లు, ముద్రలు, అసలు పూత ముఖ్యం. గొట్టం కొంచెం అరిగినా సర్దుకోవచ్చు. రెండూ కావాలంటే డబ్బు ఎక్కువ పెట్టక తప్పదు.

మొదటిసారి కొనేవారికి నా సలహా ఎం1 గ్యారండ్. 1936లో అమెరికా సైన్యం స్వీకరించిన ఈ రైఫిల్ .30-06 తూటాలను ఎనిమిదింటిని ఒకే లోహపు క్లిప్పుతో లోపలికి తీసుకుంటుంది. విడిభాగాలు, పుస్తకాలు, పని తెలిసిన గన్‌స్మిత్‌లు (తుపాకులు బాగుచేసేవారు) అమెరికాలో దీనికి దొరికినంతగా మరే పాత సైనిక రైఫిల్‌కూ దొరకరు. జాగ్రత్త పడవలసింది తూటాల విషయంలో. వేటకోసం తయారుచేసిన బరువైన ఆధునిక .30-06 తూటాలు దీని ఆపరేటింగ్ రాడ్‌ను (కాల్చినప్పుడు లోపలి యంత్రాన్ని కదిపే కడ్డీని) వంచేయగలవు. అందువల్ల గ్యారండ్‌కు తగినవని అట్టపెట్టెపై రాసి ఉన్నవే వాడాలి.

స్విస్ కే31 నాణ్యతలో చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది. దాని బోల్టును (తూటాను లోపలికి నెట్టి మూసే లోహభాగాన్ని) తిప్పనక్కర్లేదు, నేరుగా వెనక్కి లాగితే చాలు. మడమ పలకను (భుజానికి ఆనించే చివరి పలకను) విప్పితే లోపల ఆనాటి సైనికుడి పేరు రాసిన చిన్న కాగితం కొన్నింటిలో ఇప్పటికీ దొరుకుతుంది. స్వీడిష్ మౌజర్‌లో కర్రకు బిగించిన ఇత్తడి బిళ్ల ఉంటుంది. గొట్టం స్థితి ఎలా ఉందో ఆనాటి ఆయుధశాల దానిమీదే గుర్తులు వేసి చెప్పింది. ఇలాంటివి చూస్తున్నప్పుడే ఈ వ్యసనం అంటుకుంటుంది.

రష్యన్ మోసిన్-నాగాంత్ 91/30 ఒకప్పుడు పేదవాడి రైఫిల్. 2010 ప్రాంతాల్లో వంద డాలర్లకు అటూ ఇటూగా దొరికేది. ఆ రోజులు పోయాయి. 2021లో రష్యానుంచి కొత్తగా తూటాల దిగుమతికి అనుమతులు ఆపేయడంతో దాని తూటాల ధరా పెరిగింది. చవకని విని మోసిన్ కొనాలనుకునేవారు నేటి ధరను, తూటా ధరను కలిపి లెక్క వేసుకున్నాకే నిర్ణయించుకోవాలి.

ఈశాపూర్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. మన ఊళ్లలో పోలీసు భుజాన వేలాడిన త్రీ నాట్ త్రీ ఎలా ఉండేదో తెలియని తెలుగువాడు అరుదు. బెంగాల్‌లోని ఈశాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారైన ఆ తుపాకులు అమెరికా దుకాణాల్లో కనబడితే చెయ్యి ఆగదు. అయితే బయటికి ఒకేలా కనిపించే రెండు వేర్వేరు రైఫిళ్లు అక్కడ అమ్ముడవుతాయి. మొదటిది .303 తూటాను కాల్చే నం.1 మార్క్ 3. రెండోది 1962 చైనా యుద్ధం తరువాతి సంవత్సరాల్లో 7.62 నాటో తూటాకోసం తయారుచేసిన 2ఎ, 2ఎ1. రెండో రకానికి మ్యాగజైన్ (తూటాల అర) అడుగు మరింత చతురస్రంగా ఉంటుంది. 2ఎ1లో వెనక సైటు (గురిచూసే భాగం) 2000కు బదులు 800 మీటర్ల దగ్గరే ఆగిపోతుంది. కర్ర మెడ దగ్గరి లోహభాగంపై ఆర్.ఎఫ్.ఐ. అన్న అక్షరాలు, తయారైన సంవత్సరం ఉంటాయి. రూపం చూసి తూటా కొనవద్దు, ముద్ర చదివి కొనండి. దుకాణంలో .308 విన్‌చెస్టర్ అని అమ్మే తూటా 7.62 నాటోకు దగ్గరిదే అయినా ఛాంబర్ (తూటా కూర్చునే గది) కొలతల్లోనూ పీడనం లెక్కల్లోనూ రెండూ అచ్చంగా ఒకటి కావు. కాబట్టి 2ఎ1ను గన్‌స్మిత్‌కు చూపించాకే ఏది కాల్చాలో తేల్చుకోవాలి.

కొన్ని ఈశాపూర్ రైఫిళ్ల ముందుభాగానికి రాగితీగ చుట్టి ఉంటుంది. అది అలంకారం కాదు. గ్రనేడ్లు విసరడానికి వాడిన తుపాకులవి, ఆ పనిలో చాలా ఒత్తిడికి గురైనవి. గోడకు వేలాడదీసుకోవడానికి బాగుంటాయి. కాల్చాలంటే మాత్రం ముందు నిపుణుడి తనిఖీ తప్పనిసరి. అలాగే ‘డి.పి.’ అని ముద్ర ఉన్నది కవాతుకోసం పక్కన పెట్టిన తుపాకీ, దాన్ని కాల్చకూడదు.

ఎక్కడ కొనాలి?

గ్యారండ్ కావాలంటే మొదట చూడవలసింది సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రాం, అంటే సి.ఎం.పి. 1903నుంచి సైన్యం ఆధ్వర్యంలో నడిచిన ఈ కార్యక్రమాన్ని 1996లో అమెరికా కాంగ్రెస్ లాభాపేక్ష లేని సంస్థగా మార్చింది. వీరు అమ్మేది అమెరికా పౌరులకు మాత్రమే. గ్రీన్ కార్డు ఉన్నవారు మామూలు దుకాణంలో కొనగలరుగానీ ఇక్కడ కొనలేరు. ఈ తేడా తెలియక చాలామంది దరఖాస్తు నింపాక నిరాశపడతారు. పౌరసత్వ రుజువుతో పాటు అనుబంధ క్లబ్బులో సభ్యత్వం, కాల్పుల పోటీలోనో శిక్షణలోనో పాల్గొన్నట్టు ఆధారం కూడా అడుగుతారు. రాష్ట్ర చట్టం అడ్డురాని చోట్ల నేపథ్య పరిశీలన పూర్తయ్యాక రైఫిల్‌ను నేరుగా ఇంటికే పంపుతారు.

అలబామాలోని ఆనిస్టన్‌లోనూ, ఒహాయోలోని పోర్ట్ క్లింటన్ వద్ద క్యాంప్ పెర్రీలోనూ వీరి దుకాణాలున్నాయి. వీలైతే అక్కడికే వెళ్లండి. తపాలాలో తెప్పించుకుంటే గ్రేడు (స్థితిని బట్టి ఇచ్చే తరగతి) మాత్రమే మీ ఎంపిక. దుకాణంలో తుపాకీయే మీ ఎంపిక. గొట్టం లోపలి అరుగుదలను, మూతి అరుగుదలను వారు గేజ్‌తో కొలిచి చూస్తారు. సంఖ్య ఎంత తక్కువైతే అరుగుదల అంత తక్కువ.

గ్యారండ్ కాని వాటికి స్థానిక దుకాణాలు, గన్ షోలు, వేలాలు ఉన్నాయి. వేరే రాష్ట్రంలోని అమ్మకందారు నుంచి కొన్నప్పుడు రైఫిల్ మీ ఊళ్లోని లైసెన్సు ఉన్న డీలరు దగ్గరికి వస్తుంది. అక్కడ 4473 నింపి, కొంత రుసుము కట్టి తీసుకుంటారు. తరచుగా కొనదలచినవారికి క్యూరియో అండ్ రెలిక్ లైసెన్సు లాభసాటి. ఇరవై ఒక్క ఏళ్లు నిండి, కొనడానికి చట్టపరమైన అడ్డంకి లేనివారు మూడేళ్లకు 30 డాలర్లు కట్టి దీన్ని పొందవచ్చు. యాభై ఏళ్లు దాటి, అసలు రూపం మారని తుపాకులను రాష్ట్ర చట్టం ఒప్పుకున్నంతమేరకు దీనితో నేరుగా ఇంటికే తెప్పించుకోవచ్చు. అందుకు బదులుగా ప్రతి కొనుగోలును, ప్రతి అమ్మకాన్ని ఒక పుస్తకంలో నమోదు చేయాలి. ఈ లైసెన్సు సేకరణకే, వ్యాపారానికి కాదు.

తుపాకీని చేతిలోకి తీసుకున్నప్పుడు

అమ్మేవాడి అనుమతి అడిగి, మూతిని మనుషులు లేని వైపు ఉంచి, బోల్టు తెరిచి ఛాంబర్ ఖాళీగా ఉందో లేదో కంటితోనూ వేలితోనూ చూడండి. అమ్మేవాడు ఇప్పుడే చూశాడని మీరు మానేయకూడదు. గ్యారండ్ అయితే బోల్టు ముందుకు దూకి బొటనవేలిని నలిపేయగలదు కనుక ఆపరేటింగ్ రాడ్ హ్యాండిల్‌ను అరచేతి అంచుతో అదిమిపెట్టి చూడాలి.

తరువాత గొట్టం. చిన్న టార్చిలైటు జేబులో ఉంచుకోవడం మరచిపోవద్దు. ఛాంబర్ వైపు వెలుగు పెట్టి మూతినుంచి చూస్తే గాడులు పదునుగా, తిరుగుతూ కనబడాలి. మసకగా ఉన్నంత మాత్రాన వదిలేయనక్కర్లేదు. ఏళ్ల తరబడి పేరుకున్న గ్రీజు వల్ల కూడా అలా కనిపిస్తుంది. ఒక గుడ్డపీలికను రాడ్‌తో తోయనివ్వమని అడగండి. వద్దన్న అమ్మకందారు దగ్గర బేరం ఆపేయడమే మేలు. శుభ్రం చేశాక కూడా గుంటలు గుంటలుగా కనిపిస్తే అది ఉప్పు తిన్న గొట్టం. పాత సైనిక తూటాల ప్రైమర్లలో పొటాషియం క్లోరేట్ ఉండేది. అది కాలాక మిగిలే లవణం గాలిలోని తేమను పీల్చుకుని ఉక్కును తినేస్తుంది. కాల్చిన రోజే వేడినీళ్లతో కడగని సైనికుడి బద్ధకం గొట్టంలో అలాగే ఉండిపోతుంది.

మూతి దగ్గర మరో పరీక్ష ఉంది. డమ్మీ తూటాను మూతిలోకి గుండు వైపునుంచి దింపితే, గుండులో కొంతభాగం బయటే ఆగాలి. కొన్ని ప్రసిద్ధ రష్యన్ రైఫిళ్ల మూతిని లోపలనుంచి తొలిచి అరిగిన భాగాన్ని తీసేశారు కాబట్టి వాటికి ఈ పరీక్ష పనికిరాదు. అలా తొలిచిన గొట్టం లోపం కాదు, ఆయుధశాల చేసిన మరమ్మత్తు.

నంబర్లు చూడండి. రిసీవర్ (గొట్టం, బోల్టు అమరే ప్రధాన లోహభాగం), బోల్టు, మ్యాగజైన్ మూత, మడమ పలకపై ఉన్న సంఖ్యలు ఒకటే అయితే ధర పెరుగుతుంది. మరమ్మత్తు కేంద్రాల్లో పాత సంఖ్యను కొట్టేసి కొత్తది వేయడం రష్యాలో మామూలే. జర్మన్ కే98కె కొంటుంటే ఆ తేడా వందల డాలర్లది. సంఖ్యలు కలిసినా కలవకపోయినా, బోల్టు ఎప్పుడైనా మారినట్టు అనుమానముంటే హెడ్‌స్పేస్‌ను (మూసిన బోల్టుకు, తూటాకు మధ్య ఉండే సందును) గేజ్‌తో గన్‌స్మిత్ కొలవాలి. ఆ కొలత దాటిన తుపాకీలో తూటా వెనకభాగం పగిలి, వేడి వాయువు కాల్చేవాడి ముఖం మీదికి రావచ్చు. ఇందుకయ్యే ఖర్చుకు వెనకాడేవారు ఈ సరదా జోలికి రాకపోవడమే మంచిది.

అమెరికన్ 1903 స్ప్రింగ్‌ఫీల్డ్ విషయంలో సీరియల్ నంబరే ప్రాణం. స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధశాలలో తయారైన వాటిలో 800000 కంటే తక్కువ, రాక్ ఐలండ్‌లో తయారైన వాటిలో 285507 కంటే తక్కువ సంఖ్య ఉన్న రిసీవర్లకు వేడిచేసే ప్రక్రియ సరిగా జరగక ఉక్కు పెళుసుగా మారింది. సి.ఎం.పి. వాటిని కాల్చవద్దని హెచ్చరిస్తుంది. అమ్మేవాడు ‘మా తాత అరవై ఏళ్లు కాల్చాడు’ అన్నా సరే, అవి చూడడానికే.

గొట్టం మీద దిగుమతిదారు పేరు, ఊరు చెక్కి ఉంటే అది 1968 తరువాత వచ్చినదని అర్థం. అలాంటి ముద్ర లేనివాటికి సేకర్తలు ఎక్కువ ఇస్తారు. కాల్చడానికే కొనేవారు ముద్ర ఉన్నదాన్ని తక్కువకు కొనుక్కోవడం తెలివైన పని.

కర్ర విషయంలో ఒక్కటే మాట: ఉప్పు కాగితం వేయవద్దు. మెరుగు పెట్టిన మరుక్షణం ఆయుధశాల ముద్రలు చెరిగి, విలువ పడిపోతుంది. గ్రీజు వదలడానికి మినరల్ స్పిరిట్స్, గుడ్డ, ఓపిక సరిపోతాయి.

పెట్టె: ముందు టేపుతో కొలవండి

పాత సైనిక రైఫిల్‌కు పెట్టె కొనడంలో అసలు చిక్కు పొడవు. ఈనాటి పెట్టెల్లో ఎక్కువభాగం పొట్టి ఏఆర్ తరహా ఆధునిక రైఫిళ్లను దృష్టిలో పెట్టుకుని తయారవుతున్నాయి. అట్టమీద బొమ్మ చూసి సరిపోతుందనుకుంటే ఇంటికి వచ్చాక మూతి బయటికి పొడుచుకు వస్తుంది. చూడవలసింది లోపలి పొడవు. బయటి కొలత పెద్ద అక్షరాల్లోనూ లోపలి కొలత చిన్న అక్షరాల్లోనూ ఉండడం మామూలే.

గ్యారండ్, కే31 రెండూ సుమారు 43.6 అంగుళాలు. నం.1 మార్క్ 3, దానితోపాటు ఈశాపూర్ 2ఎ1 సుమారు 44.5. మోసిన్ 91/30 అయితే 48.5, స్వీడిష్ మౌజర్ ఎం96 సుమారు 49.6. మరోవైపు పొట్టి సైనిక రైఫిళ్లైన ఎం1 కార్బైన్ 35.6, ఎస్‌కేఎస్ 40 అంగుళాలు మాత్రమే. ఈ అంకెలను పెట్టెల కొలతల పక్కన పెట్టి చూడండి. పెలికన్ 1720 లోపలి పొడవు 42 అంగుళాలు. కార్బైన్, ఎస్‌కేఎస్ అందులో హాయిగా పడతాయి, గ్యారండ్ పట్టదు. అదే సంస్థవారి 1750 లోపలి పొడవు 50.5, గ్యారండ్ నుంచి స్వీడిష్ మౌజర్ దాకా అన్నీ పడతాయి, స్వీడిష్‌ది మాత్రం కేవలం అంగుళం లోపు ఖాళీతో. మార్కెట్లో 48 అంగుళాల సంచులు ఎక్కువ. మోసిన్ కొన్నవాడు సరిగ్గా అరంగుళం దగ్గర ఓడిపోతాడు. మీ తుపాకీ పొడవుకు కనీసం రెండు అంగుళాలు కలిపి పెట్టె వెతకండి. స్వీడిష్ మౌజర్‌కు ఆ రెండు అంగుళాలు దొరకడం కష్టమే. అప్పుడు రెండు చివరల్లో ఫోమ్ పలచన చేసుకోవడం ఒక దారి, ఇంకా పొడవైన పెట్టె కొనడం మరో దారి. నేనైతే రెండోదానివైపే మొగ్గుతాను.

మందం సంగతీ మరచిపోకూడదు. మోసిన్ బోల్టు పిడి వంపు లేకుండా నేరుగా పక్కకు పొడుచుకుని ఉంటుంది. పక్కకు పడుకోబెడితే ఆ పిడి మూతవైపు లేచి, మూసినప్పుడు ఫోమ్‌ను నొక్కుతుంది. రోజూ అలా మూసిన పెట్టె కొక్కేలు వదులవుతాయి. బోల్టును విడిగా తీసి గుడ్డసంచిలో అదే పెట్టెలో పెట్టుకోవడం దీనికి మంచి ఉపాయం. రెండు రైఫిళ్ల బోల్టులు మాత్రం ఒకే సంచిలో వేయవద్దు. నంబర్లు కలిసిన రెండు తుపాకులు అలాగే కలవని రెండు తుపాకులవుతాయి.

గట్టి పెట్టె కావాలా, మెత్తటి సంచి చాలా అన్నది ప్రయాణాన్ని బట్టి ఉంటుంది. కారులో అరగంట దూరంలోని కాల్పుల మైదానానికి వెళ్లిరావడానికి మందమైన గుడ్డసంచి సరిపోతుంది. బరువు తక్కువ, చోటు తక్కువ. జిప్పు మూతి చివరిదాకా తెరుచుకునేది కొనండి. సగంలో ఆగే జిప్పున్న సంచిలోంచి లాగేటప్పుడు ముందు సైటు గుడ్డకు తగులుకుంటుంది. లోపల ఉన్ని బొచ్చు ఉన్న సంచులు చూడ్డానికి రాజసంగా ఉంటాయిగానీ, తడిని పట్టి ఉంచడంలో వాటికి సాటి లేదు. పాత సైన్యపు తోలు తొడుగులు దొరికితే సంతోషంగా కొనుక్కోండి. తుపాకీని మాత్రం వాటిలో ఉంచవద్దు, తోలులోని రసాయనాలు లోహాన్ని మెల్లగా తింటాయి.

విమానంలోగానీ సరుకుల బండిలోగానీ పంపాలంటే గట్టి పెట్టె తప్పదు. అక్కడ మూడు విషయాలు చూడండి. తాళం వేశాక మూలను చేత్తో లాగితే సందు పడకూడదు. అలా తెరుచుకోగలిగే పెట్టెను విమానాశ్రయంలో ఒప్పుకోరు. తాళం వేసే రంధ్రాలు లోహంతో బలపరచి ఉండాలి. గాలి చొరబడని పెట్టె అయితే పీడనం సర్దే వాల్వు ఉండాలి, లేకపోతే దిగాక మూత రానంటుంది. చక్రాలు విలాసం కాదు. ఇంత పొడవైన గట్టి పెట్టె ఒక్కటే పది కిలోలు దాటుతుంది, అందులో నాలుగు కిలోలకు పైబడ్డ గ్యారండ్‌లు రెండు పెడితే ఎయిర్‌లైన్సు బరువు పరిమితి దగ్గరపడుతుంది.

ఫోమ్‌లో రెండు రకాలు. తుపాకీ ఆకారంలో కోసుకునేది ఒకటి, గుడ్ల అట్టలా ఎగుడుదిగుడుగా ఉండేది మరొకటి. మీ దగ్గర ఒక్క రైఫిలే ఉండి అదే ఉంటుందనుకుంటే మొదటిది. నిజానికి ఎవరికీ ఒక్కటితో ఆగదు కాబట్టి రెండోదే కొనమంటాను. కొత్త ఫోమ్ మీద తుపాకీని పెట్టేముందు గ్రీజు పూర్తిగా వదిలిందో లేదో చూసుకోండి. ఎండలో నిలిపిన కారులో కర్రలోంచి గ్రీజు మళ్లీ ఊరుతుంది, ఫోమ్‌కు అంటిన ఆ మరక ఇక పోదు. రష్యన్ రైఫిళ్ల కర్రకు షెలాక్ పూస్తారు. అది మన అడవుల్లో దొరికే లక్కే. టెక్సస్ వేసవిలో అది మెత్తబడి ఫోమ్‌కు అంటుకుంటుంది. మధ్యలో పాత నూలు గుడ్డ ఒకటి పరిస్తే ఆ బాధ ఉండదు.

దారిలో

కారులో రాష్ట్రాలు దాటుతుంటే, 1986 నాటి ఫెడరల్ చట్టం ఇచ్చే రక్షణకు షరతులున్నాయి. బయలుదేరిన చోటా, చేరే చోటా మీకు ఆ తుపాకీ కలిగి ఉండే హక్కు ఉండాలి. అది ఖాళీగా ఉండాలి. తుపాకీ గానీ తూటాలు గానీ కూర్చున్న చోటినుంచి చేతికి అందకూడదు; డిక్కీ విడిగా లేని వాహనమైతే గ్లవ్ బాక్సులో కాకుండా, తాళం వేసిన వేరే పెట్టెలో ఉండాలి.

విమానంలో అయితే తుపాకీ ఖాళీగా, తాళం వేసిన గట్టి పెట్టెలో, చెక్-ఇన్ సామానులో మాత్రమే వెళ్లాలి. కౌంటర్ దగ్గర తుపాకీ ఉందని నోటితో చెప్పి, వారిచ్చే చీటీపై సంతకం చేయాలి. తాళంచెవి మీ దగ్గరే ఉండాలి. తూటాలు వాటికోసమే తయారైన పెట్టెలో ఉండాలి. చాలా ఎయిర్‌లైన్సులు 5 కిలోలకు మించి ఒప్పుకోవు. న్యూయార్క్, నెవార్క్ మీదుగా వెళ్లే టికెట్ కొనవద్దు. కనెక్షన్ తప్పి, రాత్రికి పెట్టె మీ చేతికిచ్చారంటే ఆ రాష్ట్రాల చట్టం మీకు వర్తించినట్టే, అలా అరెస్టైనవారున్నారు. ఇండియాకు తీసుకెళ్లే ఆలోచన అసలే పెట్టుకోకూడదు. .303, 7.62 రెండూ అక్కడ సామాన్య పౌరులకు నిషిద్ధ బోరులు. ఈశాపూర్‌లో పుట్టినదైనా సరే, ఇక అది అమెరికాలోనే ఉండాలి.

ఇంటికి వచ్చాక

పెట్టె ప్రయాణానికే, నివాసానికి కాదు. ఫోమ్ గాలిలోని తేమను పట్టి, నెలల తరబడి లోహానికి ఆనించి ఉంచుతుంది. హ్యూస్టన్‌లోనో ఫ్లోరిడాలోనో ఉండేవారికి ఇది మరీ ప్రమాదం. ఇంటికి రాగానే తుపాకీని తీసి, పాత తూటాలు కాల్చి ఉంటే గొట్టాన్ని వేడినీళ్లతో కడిగి, ఆరబెట్టి, పలుచగా నూనె పట్టించండి. తరువాత సిలికోన్ పట్టించిన తొడుగులో వేసి, తాళం వేసిన ఉక్కు బీరువాలో నిలబెట్టండి. బీరువాలో తేమ యాభై శాతానికి మించకుండా చూసుకోవాలి. చిన్న తేమమీటరు, సిలికా జెల్ డబ్బా అందుకు చాలు. జెల్ రంగు మారగానే ఓవెన్‌లో ఎండబెట్టి మళ్లీ పెట్టుకోవచ్చు. పిల్లలున్న ఇంట్లో బోల్టును మరో చోట, మరో తాళం కింద ఉంచండి. తూటాలను కూడా తుపాకీతో కలిపి పెట్టవద్దు.

సీరియల్ నంబరు, ముద్రలు, కొన్న రశీదు, నాలుగువైపుల నుంచి తీసిన ఫొటోలు కాగితంపై ఒక ప్రతి, కంప్యూటర్‌లో ఒక ప్రతి ఉంచుకోండి. ఇంటి బీమాలో తుపాకుల దొంగతనానికి పరిమితి తక్కువగా ఉండడం సాధారణం. రెండు మూడు రైఫిళ్లు చేరాక బీమా సంస్థతో మాట్లాడి విడిగా చేర్పించుకోవాలి. ఖాళీ పెట్టెను మూత కొంచెం తెరిచి, ఫోమ్ బయటికి తీసి, గాలి తగిలే చోట పెట్టండి.